వైట్ టీ: ఆరోగ్యానికి ఎంతవరకు మేలు?

డస్ట్ టీ, గ్రీన్ టీ, ఊలాంగ్ టీ, వైట్ టీ అన్నీ పుట్టేది ఒకే మొక్క నుంచి. వృక్షశాస్త్రంలో దాని పేరు కమేలియా సైనెన్సిస్. తేడా అంతా ఏ ఆకు కోశారు, కోసిన తర్వాత దానికి ఏం చేశారు అన్న రెండు విషయాల్లోనే ఉంది. ఇంకా విచ్చుకోని కొనచిగురును, మహా అయితే దాని కిందనున్న ఒకటి రెండు లేత ఆకులను కోసి, నలపకుండా, వేయించకుండా, వాడబెట్టి ఆరబెడితే వచ్చేది వైట్ టీ. ఆ చిగురు మీద సన్నని వెండిరంగు నూగు ఉంటుంది. ఎండాక కూడా అది రాలిపోకుండా ఆకును తెల్లగా చూపిస్తుంది.

కొన్నేళ్లుగా నగరాల సూపర్ మార్కెట్లలోనూ ఆన్‌లైన్ అంగళ్లలోనూ వైట్ టీ డబ్బాలు విరివిగా దొరుకుతున్నాయి. ఇది తాగితే బరువు తగ్గుతుందని, ముడతలు పోతాయని, క్యాన్సర్ దరిచేరదని ప్రచారం సాగుతోంది. వీటిలో ఏది రుజువైన మాట, ఏది ఆశ, ఏది అతిశయోక్తి అన్నది తేలాలంటే ఆకు తయారీని, అందులోని పదార్థాలను, వాటిపై జరిగిన పరిశోధనలను వరుసగా చూడాలి.

ఫూజియన్ కొండల్లో పుట్టుక

వైట్ టీకి పుట్టిల్లు ఆగ్నేయ చైనాలోని ఫూజియన్ రాష్ట్రం. అక్కడి ఫూడింగ్, జెంగ్హే ప్రాంతాలు దీనికి పేరుపొందాయి. ఫూడింగ్ దగ్గరున్న తైమూ పర్వతం చుట్టూ ఒక కథ ప్రచారంలో ఉంది. పిల్లలకు తట్టు సోకి ఊళ్లు అల్లాడుతున్నప్పుడు లాన్ గూ అనే స్త్రీ ఈ ఆకు కషాయం తాగించి వారిని కాపాడిందని అక్కడివారు చెప్పుకుంటారు. చైనా సంప్రదాయ వైద్యంలో దీన్ని ఒంటికి చలవ చేసే పానీయంగా ఎంచుతారు.

12వ శతాబ్దం తొలినాళ్లలో సోంగ్ వంశపు చక్రవర్తి హుయిజోంగ్ తేయాకు మీద రాసిన గ్రంథంలో తెల్ల తేయాకును ఎంతో మెచ్చుకున్నాడు. అయితే ఆ రోజుల్లో తేయాకును ఆవిరిపట్టి, నూరి, బిళ్లలుగా అచ్చు వేసేవారు. అందువల్ల ఆయన మెచ్చిన తేయాకు, నేడు డబ్బాల్లో దొరికేది ఒకటి కావు. ఇప్పుడు చూస్తున్న వైట్ టీ రూపుదిద్దుకున్నది 19వ శతాబ్దంలో. పెద్ద పెద్ద చిగుళ్లు, ఒత్తైన నూగు ఉండే 'ద బాయ్' రకం మొక్కలు ఫూడింగ్ ప్రాంతంలో విస్తరించాక ఈ టీ తయారీ ఊపందుకుంది. 2022లో చైనా సంప్రదాయ తేయాకు తయారీ పద్ధతులను యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఫూడింగ్ వైట్ టీ తయారీ కూడా అందులో ఉంది.

వాడబెట్టడంలోనే ఉంది నేర్పు

తేయాకును కోయగానే దానిలోని ఎంజైములు పని మొదలుపెడతాయి. ఆకు నలిగి లోపలి రసాలు గాలికి తగిలితే ఆక్సీకరణ జరిగి ఆకు నల్లబడుతుంది. బ్లాక్ టీ తయారీలో ఈ మార్పు పూర్తిగా జరిగేలా ఆకును నలుపుతారు, చుడతారు. తెలుగు ఇళ్లలో ఎక్కువగా మరిగే సీటీసీ టీ కోసం ఆకును యంత్రాల్లో నలిపి, చీల్చి, గుళికలుగా చుడతారు. గ్రీన్ టీకి ఇందుకు విరుద్ధమైన పద్ధతి. కోసిన కొద్ది గంటల్లోనే ఆవిరిపట్టి గానీ, బాణలిలో వేయించి గానీ ఎంజైములను ఆపేస్తారు.

వైట్ టీలో ఈ రెండూ ఉండవు. కోసిన చిగుళ్లను వెదురు చాపల మీదో, తట్టల మీదో పలచగా పరుస్తారు. ఎండ, నీడ, గాలి చూసుకుంటూ రెండు మూడు రోజుల వరకు వాడబెడతారు. తేమ బాగా తగ్గాక తక్కువ వేడి మీద ఆరబెడతారు. చెప్పుకోవడానికి ఇంతే గానీ నేర్పంతా ఇక్కడే ఉంది. ఎండ ఎక్కువైతే ఆకు ఎర్రబడుతుంది. తేమ నిలిస్తే ముక్కిపోతుంది. వాన పట్టుకుంటే గదిలోపల వేడిగాలి ఏర్పాటు చేసుకోవాలి. వాడే సమయంలో కొద్దిపాటి ఆక్సీకరణ తనంతట తాను జరుగుతుంది. వైట్ టీకి ఉండే తేనె వాసన, పూలవాసన, లేత తీపి ఆ మార్పుల వల్ల వచ్చేవే.

రకాలు, దొరికే చోట్లు

ఫూజియన్ వైట్ టీలో నాలుగు రకాలు ముఖ్యం. అచ్చంగా కొనచిగుళ్లతో చేసేది బైహావ్ యిన్‌జెన్. వ్యాపారంలో దీన్ని సిల్వర్ నీడిల్ అంటారు. అన్నింటిలో ఖరీదైనది ఇదే. చిగురుతో పాటు ఒకటి రెండు లేత ఆకులు కలిపి చేసేది బాయ్ ముదాన్, అంటే వైట్ పియోనీ. కాస్త ముదురు ఆకులతో చేసేవి గోంగ్ మే, షౌ మే. ఈ రెండింటి రుచి గాఢంగా, రంగు ముదురుగా ఉంటాయి, ధర తక్కువగా ఉంటుంది.

భారతదేశంలో డార్జిలింగ్, అస్సాం, నీలగిరి తోటల్లో కొన్ని వైట్ టీ తయారు చేస్తున్నాయి. శ్రీలంక నుంచి సిల్వర్ టిప్స్ పేరుతో వచ్చేది కూడా వైట్ టీయే. తెలుగు రాష్ట్రాల్లో తేయాకు సాగు చెప్పుకోదగినంత లేదు. అరకు, పాడేరు కొండల్లో పండేది కాఫీ. కాబట్టి ఇక్కడ దొరికే వైట్ టీ అంతా బయటి నుంచి రావలసిందే. ఏడాదిలో కొద్ది వారాల పాటే మేలైన చిగుళ్లు దొరకడం, వాటిని చేత్తో ఒక్కొక్కటిగా గిల్లవలసి రావడం ధర పెరగడానికి ముఖ్య కారణాలు.

కప్పులో ఏముంది?

టీ మేలు గురించి మాట్లాడేటప్పుడు ముందుగా వినిపించేది పాలీఫినాల్స్ పేరు. తేయాకులో వీటిలో ముఖ్యమైనవి కాటెకిన్లు. వాటిలోనూ ఈజీసీజీ అనే సంక్షిప్త నామంతో పిలిచే కాటెకిన్ మీద పరిశోధనలు ఎక్కువగా జరిగాయి. బ్లాక్ టీ తయారీలో కాటెకిన్లలో ఎక్కువ భాగం థియాఫ్లావిన్లు, థియారుబిజిన్లుగా మారిపోతాయి. టీకి ఎర్రని రంగు, చురుకైన రుచి వీటి వల్లే వస్తాయి. గ్రీన్ టీలో కాటెకిన్లు ఎక్కువగా మిగులుతాయి. వైట్ టీలో కూడా వాటిలో మంచి భాగం మిగులుతుంది. అయితే యాంటీఆక్సిడెంట్లు అన్నింటికంటే వైట్ టీలోనే ఎక్కువ అన్న మాట ప్రతిసారీ నిజం కాదు. మొక్క రకం, నేల, కోసిన కాలం, వాడబెట్టిన తీరు బట్టి ఈ లెక్క మారిపోతుంది. కొన్ని గ్రీన్ టీలలో వైట్ టీ కంటే కాటెకిన్లు ఎక్కువగా ఉంటాయి.

రెండోది కెఫీన్. వైట్ టీలో కెఫీన్ ఉండదనో, నామమాత్రమనో ఒక నమ్మకం బలంగా ఉంది. అది పొరపాటు. ఎండు తేయాకు బరువులో సుమారు 2 నుంచి 4 శాతం కెఫీన్ ఉంటుంది. పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్క దాన్ని ముదురు ఆకుల్లో కంటే లేత చిగుళ్లలోనే ఎక్కువగా దాచుకుంటుంది. కాబట్టి చిగుళ్లతో చేసిన టీలో కెఫీన్ తక్కువ ఉండాలన్న నియమం లేదు. అయితే నలపని ఆకు కావడంతో దానిలోని పదార్థాలు నీళ్లలోకి నెమ్మదిగా దిగుతాయి. తక్కువ వేడి నీళ్లలో కొద్దిసేపు ఉంచితే కప్పులోకి వచ్చే కెఫీన్ కాస్త తగ్గుతుంది.

మూడోది థియనైన్ అనే అమైనో ఆమ్లం. టీకి తీపి కలిసిన కమ్మదనం ఇచ్చేది ఇదే. ఆహారంలో ఇది దాదాపుగా తేయాకు నుంచే దొరుకుతుంది. ఇది రక్తం నుంచి మెదడులోకి చేరగలదు. థియనైన్, కెఫీన్ రెండూ కలిసినప్పుడు ఏకాగ్రత కొద్దిగా మెరుగుపడుతుందని మనుషుల మీద చేసిన కొన్ని చిన్న పరిశోధనల్లో కనిపించింది. కాఫీతో వచ్చే గుండెదడ, చేతుల వణుకు టీతో అంతగా రావని చాలామంది అనుభవం. కప్పు టీలో కెఫీన్ కాఫీ కంటే తక్కువ ఉండటం, థియనైన్ తోడుకావడం ఇందుకు కారణాలై ఉండవచ్చు.

ప్రయోగశాల చెప్పిన సంగతులు

వైట్ టీ గురించి ప్రచారంలో ఉన్న చాలా మాటలకు మూలం ప్రయోగశాల పరిశోధనలు. 2009లో జర్మనీలోని ఒక చర్మ సంరక్షణ ఉత్పత్తుల సంస్థకు చెందిన పరిశోధకులు మనిషి కొవ్వు కణాలను గాజు పాత్రల్లో పెంచి, వాటికి వైట్ టీ సారం కలిపి చూశారు. కొత్త కొవ్వు కణాలు తయారవడం తగ్గింది, ఉన్న కణాల్లోని కొవ్వు కరగడం పెరిగింది. వైట్ టీ బరువు తగ్గిస్తుందన్న ప్రచారానికి ముఖ్య ఆధారం ఇదే.

అదే ఏడాది లండన్‌లోని కింగ్‌స్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 21 మొక్కల సారాలను పరీక్షించారు. చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే ప్రొటీన్లను విడగొట్టే ఎంజైములు ఉంటాయి. వాటిని అడ్డుకోవడంలో వైట్ టీ సారం అన్నింటికంటే ముందు నిలిచింది. ముడతలు పోతాయన్న మాట అక్కడి నుంచి వచ్చింది. అంతకు ముందు, 2000 ప్రాంతంలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు బ్యాక్టీరియా మీద, ఎలుకల మీద ప్రయోగాలు చేశారు. మాంసం బాగా మాడినప్పుడు పుట్టే ఒక హానికర పదార్థం కలిగించే జన్యు మార్పులను వైట్ టీ కొంతవరకు అడ్డుకుందని వారు గమనించారు. క్యాన్సర్ మాట ఇలాంటి ప్రయోగాల నుంచి పుట్టింది.

ఈ ప్రయోగాలు నిజమైనవే, విలువైనవే. అయితే గాజు పాత్రలోని కణానికి సారం నేరుగా, గాఢంగా తగులుతుంది. మనిషి తాగిన టీ కడుపులోకి, పేగుల్లోకి, కాలేయంలోకి వెళ్లి రూపం మార్చుకుంటుంది. కాటెకిన్లలో కొద్ది భాగమే రక్తంలో కలుస్తుంది. మిగిలినదాన్ని పెద్దపేగులోని సూక్ష్మజీవులు విడగొట్టి వేరే పదార్థాలుగా మారుస్తాయి. ఎంజైమును పరీక్షనాళికలో ఆపగలిగిన సారం, కప్పు టీ రూపంలో చర్మం దాకా చేరి అదే పని చేస్తుందన్న రుజువు లేదు. రోజూ వైట్ టీ తాగే మనుషులను ఏళ్ల తరబడి గమనించిన పెద్ద పరిశోధనలు లేనందువల్ల బరువు, ముడతలు, క్యాన్సర్ విషయంలో దాన్ని మందుగా చెప్పడానికి ఆధారం చాలదు.

గుండెకు మేలు

మనుషుల మీద గట్టి సమాచారం ఉన్నది గ్రీన్ టీ, బ్లాక్ టీల విషయంలో. వైట్ టీ కూడా అదే ఆకు, దాదాపు అవే పదార్థాలు కాబట్టి ఈ ఫలితాలు దానికీ కొంతవరకు వర్తిస్తాయని భావించవచ్చు.

ఈశాన్య జపాన్‌లో 40 వేల మందికి పైగా పెద్దవాళ్లను సుమారు 11 ఏళ్లు గమనించిన ఒహసాకి పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. రోజుకు 5 కప్పులు, అంతకంటే ఎక్కువ గ్రీన్ టీ తాగేవారిలో గుండెజబ్బులు, పక్షవాతం వల్ల కలిగే మరణాలు తక్కువగా కనిపించాయి. క్యాన్సర్ మరణాల్లో మాత్రం తేడా కనిపించలేదు. బ్రిటన్‌లో దాదాపు 5 లక్షల మంది వివరాలను విశ్లేషించిన పరిశోధన 2022లో వచ్చింది. అక్కడ ఎక్కువమంది తాగేది బ్లాక్ టీ. రోజుకు 2 కప్పులు, అంతకు మించి తాగేవారిలో మరణ ప్రమాదం, టీ తాగనివారితో పోలిస్తే 9 నుంచి 13 శాతం తక్కువగా తేలింది. ఇవి పరిశీలన మీద ఆధారపడిన లెక్కలు. టీ తాగేవారి ఇతర అలవాట్లు కూడా ఈ తేడాకు కొంత కారణం కావచ్చు.

టీ గుండెకు ఎలా తోడ్పడుతుందన్న దానికి కొన్ని వివరణలున్నాయి. పాలీఫినాల్స్ రక్తనాళాల లోపలి పొర సరిగా సడలేలా తోడ్పడతాయి. క్రమం తప్పకుండా టీ తాగితే రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్ స్వల్పంగా తగ్గుతాయని పలు పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. ఆ తగ్గుదల చిన్నది. బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు మానేసి టీ మీద ఆధారపడదగినంతది కాదు.

పళ్లు, ఎముకలు, ఫ్లోరైడ్

పిప్పిపళ్లకు కారణమయ్యే బ్యాక్టీరియా పెరుగుదలను తేయాకులోని పాలీఫినాల్స్ కొంత అడ్డుకుంటాయి. చక్కెర వేయని టీ పళ్లకు హాని చేయదు. తేయాకు మొక్క నేల నుంచి ఫ్లోరైడ్‌ను పీల్చుకుని ఆకుల్లో నిల్వ చేసుకుంటుంది. కొద్ది మోతాదులో ఫ్లోరైడ్ పంటి ఎనామెల్‌ను గట్టిపరుస్తుంది. మోతాదు మించితే పళ్లు గారపడతాయి, ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి.

తెలుగువారికి ఈ విషయం బాగా తెలుసు. 1937లో భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి గుర్తించి నమోదు చేసినది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నల్గొండ, ప్రకాశం జిల్లాల పల్లెలు దశాబ్దాల పాటు ఈ బాధను అనుభవించాయి. తేయాకు ముదిరేకొద్దీ దానిలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. ముదురు ఆకులు, రెమ్మలతో చేసే ఇటుక టీని రోజంతా తాగే టిబెట్ ప్రాంతాల్లో ఫ్లోరోసిస్ కనిపించడానికి కారణం అదే. లేత చిగుళ్లతో చేసిన వైట్ టీలో ఫ్లోరైడ్ ముదురు ఆకుల టీ కంటే తక్కువగా ఉంటుంది. ఈ విషయంలో చిగురు టీకి మొగ్గు ఉంది. అయితే షౌ మే వంటి ముదురు ఆకుల వైట్ టీకి ఈ మాట అంతగా వర్తించదు. ఫ్లోరైడ్ బోరు నీళ్లతో కాచిన ఏ టీ అయినా హాని చేస్తుంది. ఆ ప్రాంతాల్లో టీకి సురక్షితమైన తాగునీరు వాడాలి. ఎంత కాచినా ఫ్లోరైడ్ పోదు.

అసలైన లాభం: తగ్గే చక్కెర

తెలుగు ఇళ్లలో, హోటళ్లలో టీ అంటే పాలు, చక్కెర వేసి మరిగించినది. హైదరాబాద్ ఇరానీ చాయ్‌లో చిక్కటి పాలు, చక్కెర ఇంకా ఎక్కువ. కప్పుకు 2 చెంచాల చొప్పున రోజుకు 3 కప్పులు తాగితే సుమారు 30 గ్రాముల చక్కెర, దాంతో పాటు దాదాపు 120 కేలరీలు ఒంట్లో చేరుతాయి. ఏడాదికి అది దాదాపు 11 కిలోల చక్కెర. పెద్దవాళ్లు రోజుకు తీసుకునే కలిపిన చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మరింత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంటే టీ ఒక్కటే ఆ హద్దును దాటించేస్తుంది. స్వీట్లు, బిస్కట్లు, శీతల పానీయాల చక్కెర ఇంకా లెక్కలోకి రానేలేదు.

వైట్ టీ రుచి సున్నితమైనది. పాలు పోస్తే ఆ రుచి కనిపించకుండా పోతుంది. చక్కెర అవసరం కూడా ఉండదు, ఎందుకంటే దానికి వగరు, చేదు తక్కువ. రోజూ తాగే మూడు టీలలో రెండింటి స్థానంలో చక్కెర లేని వైట్ టీ తాగితే నెలకు 600 గ్రాముల చక్కెర తగ్గుతుంది. మధుమేహం, ఊబకాయం పెరుగుతున్న ఇళ్లలో ఇది కచ్చితంగా లెక్కకు వచ్చే మేలు. కొవ్వు కణాల ప్రయోగంలో కనిపించిన ఫలితం మనుషుల్లో నిజమైనా కాకపోయినా ఈ లాభం మారదు. చక్కెర వేయని గ్రీన్ టీ, బ్లాక్ టీలకు కూడా ఇది వర్తిస్తుంది. వాటి వగరు నచ్చనివారికి వైట్ టీ తేలికగా అలవాటవుతుంది.

పాలు కలిపితే టీ మేలు పోతుందా అన్న ప్రశ్న మీద ఏకాభిప్రాయం లేదు. 2007లో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి పరిశోధకులు 16 మంది స్త్రీల మీద చేసిన చిన్న పరీక్షలో, పాలు కలిపినప్పుడు బ్లాక్ టీ వల్ల రక్తనాళాలకు కలిగిన మేలు కనిపించలేదు. 2022 నాటి బ్రిటన్ విశ్లేషణలో పాలు కలిపినా కలపకపోయినా ఫలితం మారలేదు.

రక్తహీనత ఉన్నచోట జాగ్రత్త

తేయాకులోని పాలీఫినాల్స్, టానిన్లు ఆహారంలోని ఇనుముతో కలిసిపోయి దాన్ని రక్తంలోకి చేరనివ్వవు. తోటకూర, గోంగూర, రాగులు, పప్పుల వంటి శాకాహారం నుంచి వచ్చే ఇనుము మీద ఈ ప్రభావం మరీ ఎక్కువ. వైట్ టీ కూడా దీనికి మినహాయింపు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కూడా సగానికి పైగా స్త్రీలది ఇదే పరిస్థితి. అందుకే టీ ఎంత తాగాలన్న ప్రశ్నతో పాటు ఎప్పుడు తాగాలన్నది కూడా ముఖ్యం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో దీనికి స్పష్టమైన సూచన ఉంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత వరకు టీ, కాఫీలు తాగవద్దని చెప్పింది. ఇడ్లీ, ఉప్మా తింటూనే టీ తాగే అలవాటు ఉన్నవారు ఈ విరామం పాటించాలి. నిమ్మ, ఉసిరి, జామ వంటి సి విటమిన్ ఉన్నవి భోజనంలో చేర్చుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. ఐరన్ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు టీతో మింగకూడదు. మంచినీళ్లతోనే వేసుకోవాలి.

ఎవరు ఎంత తాగవచ్చు?

జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ తీసుకోకూడదు. 150 మిల్లీలీటర్ల కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు, కాచిన కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటాయని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ లెక్కన ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రోజుకు 2 నుంచి 4 కప్పుల వైట్ టీని నిశ్చింతగా తాగవచ్చు. అదే రోజు తాగే కాఫీని, మామూలు టీని కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ సూచించింది. నిద్ర పట్టనివారు, గుండెదడ, ఆందోళన ఉన్నవారు, కడుపులో మంట, అల్సర్ ఉన్నవారు ఇంకా తగ్గించుకోవాలి. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. అందువల్ల సాయంత్రం దాటాక టీ తాగకపోతే నిద్రకు మంచిది. పిల్లలకు ఏ టీ అయినా అలవాటు చేయకపోవడమే మేలు.

కొన్ని మందులతో తేయాకుకు పొత్తు కుదరదు. నాడొలాల్ అనే బీపీ మందును గ్రీన్ టీతో కలిపి తీసుకున్నప్పుడు రక్తంలో మందు మోతాదు బాగా పడిపోయినట్టు పరిశోధనలో తేలింది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు ఉన్నవారు రోజూ ఎక్కువగా టీ తాగాలనుకుంటే డాక్టరును అడిగి తాగాలి.

మాత్రల రూపంలో వద్దు

కప్పులో తాగే టీ వేరు, సారాన్ని చిక్కబరచి చేసిన మాత్ర వేరు. మామూలుగా కాచుకుని తాగే గ్రీన్ టీ నుంచి రోజుకు సగటున 90 నుంచి 300 మిల్లీగ్రాముల ఈజీసీజీ వస్తుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో అంచనా వేసింది. అలా తాగే టీ సాధారణంగా సురక్షితమని తెలిపింది. మాత్రల ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకుంటే మాత్రం కాలేయం దెబ్బతింటున్న సూచనలు రక్త పరీక్షల్లో కనిపించాయని హెచ్చరించింది. బరువు తగ్గిస్తామంటూ అమ్మే తేయాకు సారం మాత్రలను, పొడులను, అది గ్రీన్ టీ అయినా వైట్ టీ అయినా, వైద్యుల సలహా లేకుండా వాడకూడదు.

కాచే పద్ధతి

వైట్ టీని పాలతో మరిగించడం, పొయ్యి మీద డికాక్షన్ తీయడం సరికాదు. నీళ్లు బాగా మరిగించి దించి, నాలుగైదు నిమిషాలు ఆగితే వేడి 80 నుంచి 85 డిగ్రీలకు దిగుతుంది. 200 మిల్లీలీటర్ల నీటికి 2 నుంచి 3 గ్రాముల ఆకు వేయాలి. ఆకు నలగనిది, తేలికైనది కాబట్టి చెంచాతో కొలిస్తే రెండు చెంచాలకు పైగానే పడుతుంది. మూత పెట్టి 4 నుంచి 5 నిమిషాలు ఉంచి వడగట్టాలి. రంగు లేత పసుపులో ఉంటుంది. రంగు రాలేదని ఇంకా ఆకు వేయనక్కరలేదు. అదే ఆకులో మళ్లీ వేడినీళ్లు పోసి, ప్రతిసారీ ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ మరో రెండు సార్లు తాగవచ్చు.

పొగలు కక్కుతుండగా తాగకూడదు. 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే ఏ పానీయమైనా అన్నవాహిక క్యాన్సర్‌కు దారితీసే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. నాలుక కాలకుండా హాయిగా తాగగలిగే వేడి చాలు.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

మంచి వైట్ టీలో చిగుళ్లు విరగకుండా, నూగుతో, వెండిరంగు కలిసిన ఆకుపచ్చగా ఉంటాయి. పొడి ఎక్కువగా ఉంటే నాణ్యత తక్కువని అర్థం. డబ్బా మీద తోట లేదా ప్రాంతం పేరు, కోసిన ఏడాది ఉన్నవి మేలు. వైట్ టీ అని పెద్ద అక్షరాల్లో వేసి, లోపల సువాసనలు, పూలరేకులు, చక్కెర కలిపినవి కూడా ఉంటాయి కాబట్టి పదార్థాల జాబితా చదవాలి. గాలి, వెలుతురు, తేమ తగలని డబ్బాలో, మసాలాలకు దూరంగా దాచాలి. చుట్టుపక్కల వాసనలను తేయాకు ఇట్టే పట్టేస్తుంది.

పాత వైట్ టీ మీద చైనాలో మక్కువ ఎక్కువ. ఏడాదికి టీ, మూడేళ్లకు మందు, ఏడేళ్లకు నిధి అని అక్కడ నానుడి. సరిగా దాస్తే రుచి మెత్తబడి, రంగు ముదురుతుంది. అయితే నిల్వ ఉన్నకొద్దీ కాటెకిన్లు తగ్గుతాయి. వేడి, తేమ ఎక్కువగా ఉండే తెలుగు ప్రాంతాల్లో బూజు పట్టే ప్రమాదం ఉంది. ఇక్కడివారు ఏడాదికి సరిపడా కొనుక్కుని వాడుకోవడమే మంచిది.

తేలిన సంగతి

వైట్ టీ మంచి పానీయం. అందులో కాటెకిన్లు, థియనైన్ ఉన్నాయి. చేదు తక్కువైన రుచి ఉంది. గుండెకు టీ మేలు చేస్తుందనడానికి తగిన సూచనలున్నాయి. ముడతలు, కొవ్వు, క్యాన్సర్ గురించిన మాటలు ఇంకా ప్రయోగశాల గడప దాటలేదు. గ్రీన్ టీ కంటే వైట్ టీయే గొప్పదని చెప్పడానికీ ఆధారం లేదు. కాబట్టి అంత ధర పెట్టలేనివారు తాము నష్టపోతున్నామని అనుకోనక్కరలేదు. చక్కెర వేయని మామూలు టీ కూడా దాదాపు అదే మేలు చేస్తుంది.

వైట్ టీ కొనగలిగినవారు దాన్ని మందుగా కాక, తీపి టీకి బదులుగా ఎంచుకోవాలి. భోజనానికి గంట దూరంగా, చక్కెర, పాలు లేకుండా, రోజుకు రెండు మూడు కప్పులు తాగాలి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, గర్భిణులు మోతాదు తగ్గించుకోవాలి. వేసుకుంటున్న మందులను టీ కోసం మానకూడదు.